మూడు వందల ఎనభై ఒక్క కోట్ల బావ

మా బావకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఆ పిచ్చికి పది అంకెలున్నాయి. 3816547290. చదవడం కష్టంగా ఉంటే మీరు అడగనక్కర్లేదు, ఆయనే చదివిపెడతాడు: మూడు వందల ఎనభై ఒక్క కోట్ల అరవై అయిదు లక్షల నలభై ఏడు వేల రెండు వందల తొంభై. ఇన్ని కోట్లు ఇంత తేలిగ్గా నోట్లోంచి దొర్లుతున్నాయి కదా అని ఆయనతో స్నేహం పెంచుకున్నవాళ్ళున్నారు. చివరికి వాళ్ళకు దక్కింది భాగహారం.

మిగతా మగవాళ్ళకు పేకాట మీదో, గుర్రప్పందేల మీదో పిచ్చి ఉంటుంది. వాటికైతే విరుగుడు ఉంటుంది. మా అక్క పెళ్ళయిన కొత్తలోనే నా దగ్గర వాపోయింది.

"ఇంకో ఆడదాని పిచ్చి అయితే వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్నిరా. దీనికి జుట్టు కూడా లేదు."

"అంతగా ఏముందే అందులో?" అన్నాను.

అప్పుడే స్నానం ముగించి వస్తున్న బావకు ఆ మాట వినపడింది. తువ్వాలు భుజాన ఉండగానే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న పది అంకెలూ అందులో ఒక్కొక్కసారే వస్తాయట. అంతవరకు ఎవరైనా రాయగలరు. అసలు వింత వేరే ఉంది. ఎడమ వైపు నుంచి మొదటి రెండు అంకెలు తీసుకుంటే ముప్పై ఎనిమిది, రెండుతో భాగిస్తే శేషం సున్నా. మూడు అంకెలు తీసుకుంటే మూడు వందల ఎనభై ఒకటి, మూడుతో భాగిస్తే శేషం సున్నా. నాలుగు అంకెలు తీసుకుంటే నాలుగుతో, అయిదు తీసుకుంటే అయిదుతో, ఇలా పది దాకా ఎక్కడా ఏమీ మిగలదు. పది అంకెలనూ ముప్పై ఆరు లక్షల పైచిలుకు రకాలుగా పేర్చవచ్చు. ఇంత బుద్ధిగా నడుచుకునేది మాత్రం ఇదొక్కటే.

"ముప్పై ఆరు లక్షల్లో ఒక్కటోయ్ బామ్మర్దీ!" అన్నాడు బావ. అక్కను పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. చూడలేదని అక్క ఇప్పటికీ అంటుంది.

బావది కళ్ళజోళ్ళ దుకాణం. చదువయ్యాక, ఉద్యోగం దొరికేదాకా వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నాడు. కూర్చున్నాను. నాకిప్పుడు నలభై ఆరేళ్ళు, ఇంకా దొరకలేదు.

దుకాణంలో ముందు భాగం నాది. వెనక ఒక చిన్న గది, దానికి ఆకుపచ్చ తెర, లోపల ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడకు చార్టు. కళ్ళు పరీక్షించే చార్టు మీరు చూసే ఉంటారు. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్న అక్షరాలు. మా బావ చార్టులో అక్షరాలు లేవు. పైన అరచెయ్యంత మూడు. దాని కింద ముప్పై ఎనిమిది. దాని కింద మూడు వందల ఎనభై ఒకటి. అలా మెట్లు దిగినట్టు దిగుతూ పదో వరసకు పది అంకెలూ చీమల బారులా నిలబడతాయి.

"అందరిలాగా అక్షరాలు పెట్టొచ్చు కదా బావా?" అన్నానొకసారి.

"అక్షరాల్ని దేంతో భాగిస్తావోయ్?"

"కళ్ళ పరీక్షలో భాగించడం దేనికి?"

"మరి ఊరికే చదివి ఏం చేసుకుంటారు?" అని ఆయన నన్నే జాలిగా చూశాడు.

ఒకరోజు కొత్తగా ఒక బస్సు కండక్టరు వచ్చాడు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు. కళ్ళ పరీక్ష అంటే కళ్ళకే పరీక్ష అనుకున్నాడు.

"మూడో వరస చదవండి."

"మూడు, ఎనిమిది, ఒకటి."

"మూడుతో భాగించండి."

"నేను కళ్ళు చూపించుకుందామని వచ్చానండీ."

"కళ్ళెక్కడికి పోతాయి? భాగించండి."

కండక్టరు వేళ్ళు లెక్కపెట్టుకుని, పెదాలు కదుపుకుని, "నూట ఇరవై ఏడు" అన్నాడు.

"శేషం?"

"ఏం లేదండీ."

"చూశారా!" అన్నాడు బావ, ఆ సంఖ్యను తానే కని పెంచినట్టు మురిసిపోతూ. ఆ తర్వాత కండక్టరుకు కూడా ఉత్సాహం వచ్చింది. నాలుగో వరసకు ముందుకు వంగాడు. ఆరో వరసకు కుర్చీ చేతులు పట్టుకున్నాడు. బయట ఆయన బస్సు హారను మోగుతున్నా లేవలేదు.

ఏడో వరస దగ్గరికొస్తే బావ గొంతు మారిపోతుంది. రెండుకు, మూడుకు, అయిదుకు, తొమ్మిదికి తేలికైన సూత్రాలున్నాయి, చూడగానే చెప్పేయవచ్చు. ఏడు మాత్రం తొందరగా ఎవరికీ లొంగదు. "అలాంటి ఏడు కూడా ఇక్కడ నోరు మూసుకుని కూర్చుందండీ" అని, కళ్ళు మూసుకుని, "భాగిస్తే అయిదు లక్షల నలభై అయిదు వేల రెండు వందల ఇరవై ఒకటి" అంటాడు. కళ్ళు పరీక్షించేవాడే కళ్ళు మూసుకుంటే వచ్చినవాళ్ళకు ఏం తోచాలి? చాలామంది వాళ్ళూ మూసుకునేవాళ్ళు.

ఈ తంతు జరుగుతున్నంతసేపూ బావ ఒక చేత్తో చిన్న దీపం లాంటి సాధనం పట్టుకుని వాళ్ళ కంట్లోకి అటూ ఇటూ ఆడిస్తూ, రెండో చేత్తో లెన్సులు అడ్డం పెడుతూ తీస్తూ ఉండేవాడు. కొందరు మాట్లాడేటప్పుడు చేతులు ఊపుతారు, ఈయన దీపం ఊపుతాడు కాబోలు అనుకునేవాణ్ణి.

కొన్నేళ్ళు గడిచేసరికి వీధి వీధంతా ఆ సంఖ్య పాకిపోయింది. పిల్లలు దాగుడుమూతల్లో కళ్ళు మూసుకుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం మానేసి, "మూడు, ఎనిమిది, ఒకటి, ఆరు..." అనడం మొదలుపెట్టారు. ఎదురుగా ఉన్న మంగలి, సబ్బు రాశాక గడ్డం నానడానికి దాన్ని నాలుగుసార్లు మనసులో అనుకునేవాడు. మా పక్కింటి పాప మొదట 'అమ్మా' అనలేదు, 'మూడు' అంది. వాళ్ళమ్మ వచ్చి మా అక్కతో దెబ్బలాడింది. బావ మాత్రం పాపను ఎత్తుకుని, "ఒకటో వరస పూర్తయింది" అన్నాడు.

దీనివల్ల వచ్చిన చిక్కు మీకు అర్థమయ్యే ఉంటుంది. పరీక్షకు జవాబు ఊరందరికీ కంఠతా వచ్చేసింది. ఒకాయన కుర్చీలో కూర్చుని, చార్టు వైపు చూడకుండా, తెర సందులోంచి నా వైపు చూస్తూ పది వరసలూ గడగడా చదివేసి లేచాడు. అలాంటివాళ్ళకు కళ్ళజోడు ఎలా అమ్మాలి?

"బావా, కనీసం చార్టు అన్నా మార్చు. అందరికీ కంఠతా వచ్చేసింది."

"వచ్చిందా?" అన్నాడు బావ ఆనందంగా. "ఏడుతో భాగించడం కూడా?"

అది చాలదన్నట్టు దుకాణంలో ఒక ఆచారం పెట్టాడు. పది వరసలూ తప్పు లేకుండా చదివినవాళ్ళకు బహుమతి. ఏం బహుమతి అనుకుంటున్నారు? కళ్ళజోడు! కాళ్ళు బాగున్నాయని మెచ్చుకుని చేతికర్ర ఇచ్చినట్టుంది వ్యవహారం. పోనీ, అదైనా అందరికీ ఇస్తాడా అంటే అదీ లేదు. పోస్ట్‌మాన్ పది వరసలూ చదివాడు, భాగహారాలన్నీ చేశాడు. బావ "భేష్!" అని భుజం తట్టి పంపేశాడు. అదే రోజు రిటైరైన హెడ్మాస్టరుగారు వచ్చారు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళంటేనే ఆయనకు చులకన. సరిగ్గా నిద్రపోతే కళ్ళకు ఏ రోగమూ రాదని ఆయన సిద్ధాంతం. ఆయనా పది వరసలే చదివారు. ఆయనకు మాత్రం కరచాలనం, బహుమతి.

పోస్ట్‌మాన్ నా దగ్గరికొచ్చి నిలదీశాడు. "హెడ్మాస్టరుగారికి ఇచ్చి నాకివ్వరా? నేనేం తక్కువ చదివాను?"

లోపలికెళ్ళి బావను అడిగాను.

"పోస్ట్‌మాన్ మరీ బాగా చదివాడోయ్."

"మరీ బాగా చదివితే ఇవ్వవా?"

"ఇవ్వను. అది నియమం."

ఇంకేం అడుగుతాను? పోస్ట్‌మాన్ ఆ నెలంతా మా ఉత్తరాలు గుమ్మంలోంచి విసిరేసి పోయాడు. హెడ్మాస్టరుగారు మాత్రం ఆ కళ్ళజోడు పెట్టుకుని, ఎవరు పలకరించినా "ఇది జబ్బు కాదు, సన్మానం" అని చెప్పుకుంటూ తిరిగారు. బహుమతి కళ్ళజోళ్ళకు వేసేది ఉత్త అద్దాలేనని, బావకు గిట్టినవాళ్ళకు అది దక్కుతుందని నేను అనుకునేవాణ్ణి. పైగా అద్దాలు తయారు చేసేది ఆయనే, నన్ను ఆ సానపట్టే యంత్రం దగ్గరికి రానివ్వడు. నా చేతికిస్తే అద్దానికి శేషం మిగులుతుందంటాడు.

ఇక అసలు కథకు వస్తాను. మా వీధి చివర చొక్కాల ఫ్యాక్టరీ ఉంది. అందులో కాలరు పిన్ని అని ఒకావిడ ఉంది. చొక్కాలో ఆమె ఇంకేమీ కుట్టదు, కాలర్లు మాత్రమే కుడుతుంది. కాలరు కుట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. రెండు మొనలూ ఒకే పొడవుండాలి, ఒకే వాలుండాలి, అంచు వెంబడి వేసే పై కుట్టు చివరిదాకా ఒకే దూరంలో నడవాలి. పిన్ని ముప్పై ఏళ్ళుగా అలాగే కుట్టింది. కొత్తవాళ్ళకు పని నేర్పేటప్పుడు ఆమె కుట్టిన కాలరునే ముందు పెట్టేవారు. ఆ మిషను ముందున్న ముక్కాలిపీట మీద ఇంకొకరు కూర్చోవడం ఎవరూ చూడలేదు.

అలాంటిది, ఈ మధ్య కాలర్లు వంకర పోవడం మొదలైంది. ఎడమ మొన పొడుగు, కుడి మొన పొట్టి. పై కుట్టు మధ్యలో అంచు దాటి షికారుకు పోయి మళ్ళీ వస్తోంది. సూపర్‌వైజరు అడిగితే, "మిషను పాదం అరిగిపోయింది" అంది పిన్ని. మెకానిక్కు వచ్చి చూసి మిషను బంగారంలా ఉందన్నాడు. "అయితే సూది మంచిది కాదు" అంది. సూది మార్చారు. "అయితే దారం" అంది. దారం మార్చారు. మార్చడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి సూపర్‌వైజరు, "ఒకసారి కళ్ళు చూపించుకోండి" అన్నాడు.

అంతే, పిన్ని అంతెత్తున లేచింది. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయేలా అరిచింది. "నా కళ్ళలో దోషం ఉందని తేలితే ఈ మిషను మీద చెయ్యి వెయ్యను. నా అంతట నేనే లేచి బొత్తాల బల్ల దగ్గర కూర్చుంటా."

బొత్తాల బల్ల అంటే రంగుల వారీగా బొత్తాలు ఏరే చోటు. అక్కడ కూర్చునే ఆవిడకూ పిన్నికీ ఎప్పట్నుంచో మాటల్లేవు. కాలరు మిషను నుంచి అక్కడికి పోవడమంటే పిన్నికి తల కొట్టేసినట్టే. నోరు జారింది, అందరూ విన్నారు, ఇక వెనక్కి తీసుకోలేదు.

ఆ మర్నాడే సూపర్‌వైజరును సాక్షిగా వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చింది. మంచి చీర కట్టుకుంది. ముఖంలో యుద్ధానికొచ్చిన కళ.

"బాబూ, నా కళ్ళు బాగున్నాయని ఈయన వినేటట్టు చెప్పు" అంది బావతో.

"చూశాక చెబుతాను పిన్నిగారూ" అన్నాడు బావ.

సూపర్‌వైజరు నా పక్కన స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిన్ని తెర తీసుకుని లోపలికెళ్ళి ఎత్తు కుర్చీ ఎక్కింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చార్టు గోడ మీద లేదు! కింది వరసలు వెలిసిపోయాయని ఆ ఉదయమే బోర్డులు రాసే ఆయనకు ఇచ్చి వచ్చాను. గోడ బోసిగా ఉందని అదే మేకుకు ఒక సిమెంటు కంపెనీ క్యాలెండరు తగిలించాను. క్యాలెండరు మీద అయిదు సిమెంటు బస్తాలు, వాటి పక్కన నవ్వుతూ ఒక మేస్త్రీ.

ఆ సంగతి చెబుదామని తెర ఎత్తి తల లోపల పెట్టాను. అప్పటికే ఆలస్యమైపోయింది. బావ నోరు విప్పకముందే పిన్ని చదవడం మొదలుపెట్టేసింది.

"మూడు!" అంది సిమెంటు బస్తాల వైపు వేలు చూపిస్తూ. "ముప్పై ఎనిమిది. రెండుతో భాగిస్తే పంతొమ్మిది. మూడు వందల ఎనభై ఒకటి. మూడుతో భాగిస్తే నూట ఇరవై ఏడు."

నేను నోరు తెరిచాను. బావ నా వైపు చూడకుండానే ఎడమ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. కుడి చేతిలో దీపం పిన్ని కంట్లోకి అటూ ఇటూ ఆడుతూనే ఉంది.

"ఊఁ, బాగుంది. తర్వాత?"

పిన్ని బస్తాలన్నీ చదివేసింది. ఏడో వరసకు మేస్త్రీ మీసాల దగ్గరికి వచ్చింది. "ముప్పై ఎనిమిది లక్షల పదహారు వేల అయిదు వందల నలభై ఏడు. ఏడుతో భాగిస్తే అయిదు లక్షల నలభై అయిదు వేల రెండు వందల ఇరవై ఒకటి. శేషం లేదు!" అంది. ఆ ఒక్క చోట బావ దీపం ఒక్క క్షణం ఆగింది. ఎంతైనా ఏడు కదా.

పదో వరస కూడా అయిపోయాక పిన్ని వెనక్కి వాలి, "కిందివి కొంచెం సన్నగా రాయించావు బాబూ. అయినా నాకు కనపడుతున్నాయిలే" అంది.

నేను తెర వదిలేసి గల్లాపెట్టె కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాను. సూపర్‌వైజరుకు నా ముఖం కనపడకూడదు.

బావ బయటికి వచ్చాడు. "పది వరసలు. ఒక్క తప్పు లేదు."

"నిజంగానా?" అన్నాడు సూపర్‌వైజరు.

"మీరు విన్నారుగా."

"విన్నాను. మరి కాలర్లు ఎందుకు వంకర పోతున్నట్టు?"

"నేను కళ్ళజోళ్ళవాణ్ణి, కాలర్ల సంగతి నాకేం తెలుసు?" అని బావ పిన్ని వైపు తిరిగాడు. "పిన్నిగారూ, మా నియమం ప్రకారం మీకు బహుమతి వచ్చింది. కళ్ళజోడు."

పిన్ని ముఖం మాడిపోయింది. "నాకు కళ్ళజోడు దేనికి? నా కళ్ళు బాగున్నాయని ఇప్పుడేగా తేలింది?"

"అందుకే బహుమతి అంటున్నాను. బాగాలేకపోతే మందు అనేవాణ్ణి."

"వద్దు బాబూ."

"మీ ఇష్టం. వద్దన్నవాళ్ళది తర్వాత చదివినవాళ్ళకు ఇచ్చేస్తాం. బొత్తాల బల్ల ఆవిడ కూడా వచ్చి చదువుతానని కబురు పంపింది."

"ఎవరూ? అదా?" పిన్ని కొంగు బిగించింది. "నేను గెలిచింది దానికెట్లా ఇస్తావు? ఎప్పుడు రమ్మంటావు చెప్పు, వచ్చి తీసుకెళ్తా."

"ఎల్లుండి రండి. ఒకటే షరతు. బహుమతిని పెట్టెలో పెట్టి తాళం వేయకూడదు. పని చేసేటప్పుడు పెట్టుకోవాలి. నలుగురూ చూడకపోతే అది బహుమతి ఎలా అవుతుంది?"

సూపర్‌వైజరు లేచాడు. "బహుమతులు మీరూ మీరూ చూసుకోండి. నేను చూసేది కాలర్లు. ఈ వారం కూడా వంకర వస్తే, మిషను బాగుంది, కళ్ళూ బాగున్నాయి కాబట్టి, తప్పు పిన్నిదే అవుతుంది. అప్పుడు బొత్తాల బల్లే." పిన్ని గడప దాటేటప్పుడు తడబడి తలుపు పట్టుకోవడం నేను చూశాను. ఎవరూ సాయం రాకముందే తలెత్తుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు మలుపు తిరగ్గానే బావ మీద విరుచుకుపడ్డాను. "బావా, ఆవిడ చదివింది చార్టు కాదు, సిమెంటు బస్తాలు!"

"అవునా?" అన్నాడు బావ. "బస్తాల్ని కూడా శేషం లేకుండా భాగించిందన్నమాట. గట్టి మనిషి."

"నీకు వేళాకోళంగా ఉంది. ఆవిడ నోటి దగ్గర కూడు పోతుంది. ఉత్త అద్దాలు పెట్టి నీ సన్మానం నువ్వు చేస్తే, ఆవిడ మళ్ళీ వంకర కుడుతుంది. అప్పుడు ఏ సంఖ్య కాపాడుతుంది?"

బావ లోపలికెళ్ళి యంత్రం ముందు కూర్చున్నాడు. ఇలాంటి మనిషికి అక్కనిచ్చామే అని నాకు చాలా కోపం వచ్చింది.

ఎల్లుండి రానే వచ్చింది. బహుమతి తయారై గల్లాపెట్టె మీద ఉంది. బావ భోజనానికి వెళ్ళాడు. నేను పేపరు తెరిచాను. ఇక్కడ మా పేపరు గురించి ఒక మాట చెప్పాలి. ఒకటి రెండేళ్ళుగా అచ్చు మరీ అధ్వాన్నమైపోయింది. సిరా ఆదా చేస్తున్నారో ఏమో, చిన్న అక్షరాలన్నీ అలుక్కుపోయి ఉంటున్నాయి. చెయ్యి బారచాచి పట్టుకుంటే తప్ప చదవలేకపోతున్నాను. సంపాదకుడికి రెండుసార్లు ఘాటుగా ఉత్తరం కూడా రాశాను.

ఊరికే ఉండలేక, పిన్ని బహుమతి నాకెలా ఉంటుందో చూద్దామని పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుని, బాగానే ఉన్నాననుకుని, పేపరు వైపు తల దించాను.

ఎవరో పేపరు నిండా సిరా పోసినట్టయింది. ఇళ్ళ అద్దె ప్రకటనలు, పోయిన కుక్కల ప్రకటనలు, ఎక్కడో మూల ఈ పేపరు అచ్చువేసినవారి చిరునామా, అన్నీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. కళ్ళజోడు తీశాను. అక్షరాలు మళ్ళీ అలుక్కుపోయాయి. పెట్టుకున్నాను, వచ్చేశాయి. నాకు విషయం అర్థమయ్యేసరికి ఒక పేజీ మొత్తం చదవడం అయిపోయింది. ఇవి ఉత్త అద్దాలు కావు. పోస్ట్‌మాన్‌కు బహుమతి ఎందుకు రాలేదో, హెడ్మాస్టరుగారికి ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది. పాపం, ఆ సంపాదకుడు ఎంత బాధపడ్డాడో.

బావ రాగానే నిలదీశాను. "ఇందులో పవరుంది."

"కళ్ళజోడులో పవరు లేకపోతే దాన్ని కిటికీ అంటారు" అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ.

"ఆవిడకు కనపడలేదని నీకు తెలుసు!"

"తెలుసు."

"మరి అంతసేపు ఆ చదివించడం దేనికి? ఆ భాగహారాలు దేనికి?"

బావ ఎత్తు కుర్చీ వైపు చూశాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "మనిషి నోటితో ఏం చదివినా, దీపం వేస్తే కన్ను తన సంగతి తాను చెప్పేస్తుందోయ్. కంటిని అడగాల్సింది కంటినే అడుగుతాను. మరి మనిషిని ఏం అడగాలి? కనపడుతోందా, కనపడటం లేదు, ఇదీ కనపడటం లేదా, లేదు... ఇలా పదిసార్లు లేదు లేదని చెప్పించుకుని, తల దించుకుని వెళ్ళమనాలా? నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏదో ఒకటి రైటు చెప్పి లేవాలి. అందుకే ఈ సంఖ్య. ఎవరి చూపు ఏ వరస దగ్గర ఆగిపోయినా, ఆగిన చోట లెక్క సరిగ్గా సరిపోతుంది. ఏమీ మిగలదు."

దాచుకోవడం దేనికి, ఆ క్షణాన మా బావంటే నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ మాట చెప్పేద్దామనే నోరు తెరిచాను కూడా.

"ఎనిమిదో వరస చూడు, అసలు సొగసంతా అక్కడుంది" అన్నాడాయన. నోరు మూసుకున్నాను.

తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాడు. రంగులు వేసుకుని వచ్చిన చార్టు గోడ మీద తళతళలాడుతోంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గది బయటే కూర్చున్నాను గానీ ఆ కుర్చీ ఎక్కడం అదే మొదటిసారి. దీపం అటూ ఇటూ ఆడింది. నేను పది వరసలూ గడగడా చదివేశాను.

"ఒక్క తప్పు లేదు. బహుమతి!" అన్నాడు బావ.

"నాకొద్దు" అన్నాను. నా గొంతు అచ్చం పిన్ని గొంతులా వినపడింది.

సాయంత్రం పిన్ని వచ్చి తన బహుమతి తీసుకెళ్ళింది. మర్నాడు ఫ్యాక్టరీలో బొత్తాల బల్ల ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి మరీ మిషను దగ్గర కూర్చుందట. ఎవరైనా "కళ్ళజోడా?" అంటే "కాదు, గెలుచుకున్నాను" అందట. వారం చివర సూపర్‌వైజరు మా దుకాణంలోకి వచ్చి, బావ ముందు ఒక కాలరు పెట్టాడు. రెండు మొనలూ ఒకే పొడవు, ఒకే వాలు. పై కుట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా తల తిప్పకుండా నడిచింది.

"మిషను దానంతటదే దారికొచ్చిందండీ" అన్నాడు సూపర్‌వైజరు, బావ ముఖంలోకి చూస్తూ.

"మిషన్లు అంతేనండీ" అన్నాడు బావ, కాలరు ముఖంలోకి చూస్తూ.

ఆ మర్నాడు నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నా బహుమతి పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాను. కాలరు పిన్ని ఫ్యాక్టరీకి పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. కళ్ళజోడు ముక్కు మీదికి సర్దుకుని నన్ను పరీక్షగా చూసింది.

"నీకూ వచ్చిందా బాబూ?"

"వచ్చింది పిన్నిగారూ."

"ఎన్ని వరసలు చదివావు?"

"పదీ చదివాను."

"తప్పుల్లేకుండా?"

"ఒక్కటి కూడా లేదు."

పిన్ని కాసేపు నన్ను, నా చేతిలో దగ్గరగా పట్టుకున్న పేపరును చూసింది. పెదాలు బిగబట్టుకుని నవ్వు ఆపుకుంది.

"అంతేలే నాయనా" అంది. "మనలా చూపు బాగున్నవాళ్ళకు ఈ తిప్పలు తప్పవు."